ట్రౌట్, సాల్మన్ చేపల కోసం నదీయాత్ర: కర్నూలు నుంచి ఎప్పుడు, ఎక్కడికి బయలుదేరితే మేలు?

ప్రశ్న (కర్నూలు నుంచి ఒక ఉపాధ్యాయుడు)

సభ్యులందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిని. మా నాయన కె.సి. కాలువ మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకు 67 ఏళ్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆదివారం వచ్చిందంటే సుంకేసుల ఆనకట్ట దిగువన తుంగభద్ర మడుగుల దగ్గర ఆయన పక్కన కూర్చోవడమే నా పని. వెదురు గడ, దానికి తంగూసు, జొన్నదంటు ముక్కతో బెండు, గాలానికి వానపాము, ఇంతకు మించి మాకు సరంజామా ఉండేది కాదు. రాగండి, జెల్ల ఎక్కువగా పడేవి. ఎప్పుడైనా ఒక వాలుగ. వాలుగ పడిన రోజు మా నాయన దగ్గరి దారి వదిలి బజారు మీదుగా ఇంటికి నడిపించేవారు.

రెండేళ్లుగా ఆయన టీవీలో కొండ నదుల్లో ట్రౌట్, సాల్మన్ చేపలను పట్టే కార్యక్రమాలు చూస్తూ, "ఆ నీళ్లలో ఒక్కసారి గాలం వేసి చూడాలిరా" అంటున్నారు. ఇంతవరకు నన్ను ఫలానా ఊరికి తీసుకుపొమ్మని ఆయన అడిగింది లేదు, తిరుపతికి కూడా అడగలేదు. అందువల్ల ఈ యాత్రను నేను తేలికగా తీసుకోలేకపోతున్నాను.

నాకు వేసవి సెలవులు ఉంటాయి కాబట్టి మే నెలలో వారం పది రోజులకు వెళ్లాలని అనుకుంటున్నాను. ఒకే యాత్రలో రెండు చేపలనూ పట్టే నది మన దేశంలో ఎక్కడైనా ఉన్నదా? మా దగ్గరున్న గడలు, గాలాలు అక్కడ పనికివస్తాయా, లేక అన్నీ కొత్తగా కొనవలసిందేనా? మా నాయనకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, నడవగలరు గానీ ఎత్తు ఎక్కలేరు. అటువంటి మనిషిని తీసుకుపోవడం సబబేనా? నా బావమరిది కూడా మాతో వస్తాడు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు (అనంతపురం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి)

మాస్టారికి నమస్కారం. నేను హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నదికి రెండుసార్లు వెళ్లి వచ్చాను. మొదటిసారి పూర్తిగా నష్టపోయాను, రెండోసారి అక్కడి నుంచి రాబుద్ధి కాలేదు. రెండింటికీ తేడా ఒక్క నెల ఎంపికలోనే వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మొదటిసారి నేను జూలైలో వెళ్లాను. టికెట్లు చూసిన ఏజెంటు "కొండల్లో అన్ని కాలాలూ బాగానే ఉంటాయి సార్" అన్న మాటను నమ్మాను. తీరా వెళ్లి చూస్తే తీర్థన్ నీళ్లు వానాకాలంలో కొత్తనీరు దిగిన మన కాలువలాగా ఎర్రగా, మట్టితో నిండి పరుగెత్తుతున్నాయి. ట్రౌట్ కంటితో చూసి ఎరను అందుకునే చేప. నీరు తేటగా లేకపోతే దానికి మనం వేసింది కనిపించదు, మనకు అది ఉన్న చోటు తెలియదు. మూడు రోజులు బసలోనే కూర్చొని వాన చూసి తిరిగి వచ్చాము. రెండోసారి దసరా సెలవుల్లో వెళ్లాను. అదే నది, అడుగున ఉన్న గులకరాళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా ఉంది.

హిమాచల్‌లో ట్రౌట్ ఉండే నదులలో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు వేట నిషేధం, ఎందుకంటే అది చేప గుడ్లు పెట్టే కాలం. మార్చిలో నదిని తెరుస్తారు. మార్చి రెండో పక్షం నుంచి ఏప్రిల్ దాకా ఒకటి, వానలు వెనక్కు తగ్గిన సెప్టెంబరు రెండో పక్షం నుంచి అక్టోబరు మధ్య దాకా మరొకటి, ఈ రెండే నా దృష్టిలో మంచి కాలాలు. మే నెల పూర్తిగా పనికిరాదని అనను. తెల్లవారి వేళ నది బాగానే ఉంటుంది, మధ్యాహ్నమయ్యేసరికి పైన మంచు కరిగిన నీరు దిగి మట్టం పెరుగుతుంది. పైగా మే, జూన్ నెలల్లో ఢిల్లీ నుంచి జనమంతా ఆ కొండల మీదే ఉంటారు, బసల ధరలూ దానికి తగినట్టే ఉంటాయి. మీకు దసరా సెలవులు ఎటూ ఉన్నాయి కనుక నా మాట విని యాత్రను అప్పటికి మార్చుకోండి.

ఇక చోటు. తీర్థన్ నది గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానంలో పుట్టి, బంజార్ మీదుగా ప్రవహించి లార్జి దగ్గర బియాస్‌లో కలుస్తుంది. ఆ ఉద్యానాన్ని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుశైనీ, నాగిని అనే ఊళ్ల దగ్గర నది ఒడ్డునే ఇళ్లలో బస దొరుకుతుంది. గుశైనీ సుమారు 1,500 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి మీ నాయనగారికి ఊపిరి ఇబ్బంది ఉండకపోవచ్చు. గది గుమ్మం దిగి యాభై అడుగులు వేస్తే నీళ్లు తగిలే ఇల్లును అడిగి మరీ తీసుకోండి, మీ విషయంలో అన్నిటికంటే ఇదే ముఖ్యం.

కాశ్మీర్‌లో లిద్దర్ నది, కోకర్‌నాగ్ దగ్గరి బ్రింగి నది ట్రౌట్‌కు పేరు పొందినవి. అక్కడ నదిని బీట్లుగా విడదీసి, ఏ రోజుకు ఏ బీటులో ఎవరు వేటాడవచ్చో మత్స్యశాఖ పర్మిట్ మీద రాసి ఇస్తుంది. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది గానీ, అక్కడి కాలం సెప్టెంబరుతో ముగుస్తుంది, మీ దసరాకు కుదరదు. నీలగిరులలోనూ మున్నార్ కొండలలోనూ బ్రిటిష్ వారి కాలంలో వదిలిన ట్రౌట్ ఉన్నాయి. దూరం తక్కువే అయినా ఆ నీళ్లలో చాలా భాగం అటవీశాఖ కట్టుబాట్ల కింద ఉన్నది. అనుమతి చేతికి రానిదే టికెట్ కొనకండి.

ప్రయాణం విషయానికి వస్తే, తిరుపతి నుంచి నిజాముద్దీన్ వెళ్లే సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్ కర్నూలు మీదుగానే పోతుంది. ఢిల్లీలో సాయంత్రం మనాలి బస్సు ఎక్కి, తెల్లవారి ఔట్ దగ్గర సొరంగానికి ముందే దిగిపోవాలి. నిద్రలో ఉంటే బస్సు సొరంగం దాటి కుల్లూ వైపు వెళ్లిపోతుంది, కండక్టరుకు ముందే చెప్పి ఉంచండి. ఔట్ నుంచి గుశైనీకి టాక్సీలో గంటన్నర లోపే. మీ నాయనగారికి బస్సులో రాత్రంతా కూర్చోవడం కష్టమనుకుంటే చండీగఢ్‌లో ఒక రాత్రి ఆగి, పగటి పూట కారులో వెళ్లడం మేలు.

గాలాల గురించి ఒక మాట. వెదురు గడను ఇంట్లోనే ఉంచండి. అక్కడ పర్మిట్ ఒక మనిషికి, ఒక కర్రకు, ఒక రోజుకు ఇస్తారు. ఎర విషయంలో కట్టుబాట్లు ఉంటాయి, వానపాముతో పట్టడం మరచిపోవాలి. ఈకలూ నూలుపోగులతో పురుగు ఆకారంలో కట్టిన చిన్న గాలాన్ని నీటి మీద వదిలే పద్ధతి ఒకటి, దీన్నే ఫ్లై ఫిషింగ్ అంటారు. చిన్న లోహపు రేకు గిరగిర తిరిగే స్పిన్నర్‌ను విసిరి చుట్టుకునే పద్ధతి రెండోది. మన గాలంలో బరువు చివరన ఉంటుంది, ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో చివరన ఉన్నది ఈగంత బరువు మాత్రమే కాబట్టి విసరవలసింది దారాన్నే. దారమే లావుగా, బరువుగా ఉంటుంది. తొమ్మిది అడుగుల కర్ర, ఐదో నంబరు దారం, 12 నుంచి 16 నంబరు వరకు గాలాలు తీర్థన్‌కు సరిపోతాయి. ఈ విసరడం నదిలో నేర్చుకుందామంటే సెలవులన్నీ చెట్టు కొమ్మల నుంచి దారం విప్పుకోవడంతోనే అయిపోతాయి. ఇప్పటి నుంచే సాయంత్రాలు మీ పాఠశాల మైదానంలో గాలం తీసేసి, చివర ఎర్ర నూలు పోగు కట్టి సాధన చేయండి. కర్రను వెనక్కు ఎత్తాక దారం పూర్తిగా వెనుక పరుచుకునేదాకా ఆగాలి. ఆ ఒక్క క్షణం ఆగడం నాకు అలవాటు కావడానికి మూడు వారాలు పట్టింది.

రెండో జవాబు (కడప నుంచి ఒక విశ్రాంత మత్స్యశాఖ ఉద్యోగి)

ఉపాధ్యాయుల వారికి, అనంతపురం మిత్రులకు నమస్కారం. రెండు చేపలూ ఒకే నదిలో దొరుకుతాయా అన్న ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు కాబట్టి రాస్తున్నాను.

మన దేశపు నదులలో సాల్మన్ లేదు. మన దగ్గర హోటళ్లలో ఇండియన్ సాల్మన్ పేరుతో వడ్డించేది సముద్రపు చేప అయిన మాగ. దానికీ నిజమైన సాల్మన్‌కూ చుట్టరికం లేదు. రుచిలో మాగ దేనికీ తీసిపోదు, నేను ఇష్టంగానే తింటాను, కానీ దాని కోసం మీరు కొండలు ఎక్కనక్కర లేదు. ట్రౌట్ కూడా మన దేశపు చేప కాదు. స్కాట్లండ్ నుంచి మంచులో పెట్టి తెచ్చిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లు 1900లో కాశ్మీర్‌లో బతికి పిల్లలయ్యాయి. అంతకు ముందు ఏడాది తెచ్చినవి దారిలోనే పాడైపోయాయి. కుల్లూ లోయలో 1909లో పిల్లల ఉత్పత్తి కేంద్రం పెట్టి బియాస్‌లోనూ దాని ఉపనదులలోనూ వదిలారు. మీరు తీర్థన్‌లో చూడబోయేవి ఆ చేపల సంతతే.

ఒక విషయం మీ పిల్లలకు పాఠంగా కూడా చెప్పవచ్చు. శాస్త్రీయ నామంలో మొదటి మాట మన ఇంటిపేరు వంటిది. బ్రౌన్ ట్రౌట్ ఇంటిపేరు సాల్మో. అట్లాంటిక్ సాల్మన్ ఇంటిపేరూ అదే. రెయిన్‌బో ట్రౌట్‌ను కూడా చాలాకాలం ఆ ఇంటి పిల్లగానే రాశారు గానీ, అది పసిఫిక్ సాల్మన్‌ల ఇంటిదని తేలి 1989లో ఆంకోరింకస్ అని మార్చారు. కాబట్టి బ్రౌన్ ట్రౌట్‌కు రెయిన్‌బో ట్రౌట్ కంటే అట్లాంటిక్ సాల్మనే దగ్గరి బంధువు. మీ నాయనగారు తీర్థన్‌లో బ్రౌన్ ట్రౌట్‌ను పడితే సాల్మన్ పెదనాయన కొడుకును చూసినట్టే అనుకోవచ్చు.

ఈ చేపలు మన తుంగభద్రలోనో పెన్నలోనో ఎందుకు బతకవని నా ఉద్యోగ కాలంలో చాలామంది రైతులు అడిగేవారు. కారణం నీటిలో కరిగిన ప్రాణవాయువు. పది డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలుస్తుంది; ముప్పై డిగ్రీల నీటిలో ఏడున్నరకు మించి నిలవదు. నీరు వేడెక్కే కొద్దీ చేప శరీరానికి అవసరం పెరుగుతుంది, అందేది తగ్గుతుంది. మన రాగండి, బొచ్చె ఆ వేడికి అలవాటుపడినవి. ట్రౌట్ 20 డిగ్రీలు దాటితే ఆయాసపడుతుంది, 25 డిగ్రీల దగ్గర దాని ప్రాణం మీదికి వస్తుంది. వేసవిలో కర్నూలు దగ్గర తుంగభద్రలో చెయ్యి పెట్టి చూసినవారికి తక్కిన సంగతి చెప్పనక్కర లేదు. మీరు ఒక చిన్న థర్మామీటరు వెంట తీసుకువెళ్లండి. నీరు 20 డిగ్రీలకు చేరిన పూట వేట ఆపేయండి, ఎందుకంటే అప్పుడు పట్టి వదిలిన చేప ఈదుకుంటూ పోయినట్టే కనిపించినా తరువాత చనిపోవచ్చు.

దసరా గురించి అనంతపురం మిత్రులు చెప్పినదానికి ఒక చిన్న సవరణ. దసరా కొన్ని సంవత్సరాలలో సెప్టెంబరు చివర, కొన్ని సంవత్సరాలలో అక్టోబరు చివరి వారంలో వస్తుంది. ఆలస్యంగా వచ్చిన ఏడాది చట్టప్రకారం నది తెరిచే ఉన్నా, బ్రౌన్ ట్రౌట్ అప్పటికే గుడ్ల మీద ఉండి లోతులేని గులక మేటల వైపు ఎక్కడం మొదలుపెడుతుంది. ఆడచేప తోకతో గులకను తవ్వి, గుంటలో గుడ్లు పెట్టి మళ్లీ కప్పుతుంది. పది డిగ్రీల నీటిలో అవి పొదగడానికి సుమారు నలభై రోజులు, చల్లని నీటిలో ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. చుట్టూ రాళ్ల మీద పాచి ఉండి, మధ్యలో పళ్లెం అంత మేర గులక కడిగినట్టు తెల్లగా కనిపిస్తే దాని మీద అడుగు పెట్టకండి. ఒక్క బూటు కింద వందల గుడ్లు నలిగిపోతాయి. అటువంటి ఏడాది అయితే సెలవు పెట్టి అయినా సెప్టెంబరు చివర్లోనే వెళ్లిరావడం మంచిది.

మూడో జవాబు (ప్రొద్దుటూరు వాసి, ప్రస్తుతం అబర్దీన్)

నమస్కారం సార్. మాది ప్రొద్దుటూరు. పన్నెండేళ్లుగా స్కాట్లండ్‌లోని అబర్దీన్‌లో ఉంటున్నాను. డీ నది మా ఊళ్లోనే సముద్రంలో కలుస్తుంది. సాల్మన్ గురించి నేను చెప్పగలిగింది చెబుతాను. అది విన్నాక మీరు ఈ ఏడాదికి ట్రౌట్‌తోనే సరిపెట్టుకుంటారని నా నమ్మకం.

ముందు ఆ చేప సంగతి. ఇది నదిలో పుట్టి, ఇక్కడి నదులలో సాధారణంగా రెండు మూడేళ్లు పెరిగి, సముద్రానికి వెళ్లిపోతుంది. గ్రీన్‌లండ్ వైపు నీళ్లలో ఒకటో రెండో చలికాలాలు మేసి, పుట్టిన నదికే గుడ్లు పెట్టడానికి తిరిగి వస్తుంది. నదిలోకి వచ్చాక అది మేత మానేస్తుంది. ఇక్కడే ట్రౌట్‌కూ దీనికీ వేటలో అసలు తేడా ఉన్నది. ట్రౌట్‌కు ఆకలి ఉంటుంది, కాబట్టి ఆ రోజు ఏ పురుగు నీటి మీద ఉన్నదో చూసి అటువంటిదే చూపిస్తే అందుకుంటుంది. ఆకలి లేని సాల్మన్ మన గాలాన్ని ఎందుకు పట్టుకుంటుందో, కోపంతోనా పాత అలవాటుతోనా అన్నది ఇక్కడి పెద్దలు కూడా నది ఒడ్డున కూర్చొని వాదించుకుంటూనే ఉంటారు. నేను మొదటి సాల్మన్‌ను పట్టడానికి రెండు కాలాలు, మొత్తం పంతొమ్మిది రోజులు నదిలో నిలబడ్డాను. వారం రోజుల సెలవు మీద వచ్చినవారు ఒక్క చేప ముఖం కూడా చూడకుండా వెళ్లడం ఇక్కడ మామూలు సంగతి.

టే, ట్వీడ్, స్పే, డీ అనే నాలుగు నదులు స్కాట్లండ్‌లో పెద్దవిగా లెక్క. టే నదిలో కాలం జనవరి 15న మొదలవుతుంది, ట్వీడ్‌లో నవంబరు 30 దాకా సాగుతుంది. ఆదివారం సాల్మన్ వేట చట్టరీత్యా నిషేధం. విమానం టికెట్లు కొనేటప్పుడు ఇది మరచిపోయి రెండు రోజులు పోగొట్టుకున్న మనవాళ్లు నాకు తెలుసు. ఇక్కడ ప్రభుత్వ లైసెన్సు అంటూ లేదు. నదిలో ఆ భాగం ఎవరిదో వారి నుంచి రాతపూర్వకమైన అనుమతి కొనుక్కోవాలి. రోజుకు కొన్ని పదుల పౌండ్ల నుంచి వందల పౌండ్ల దాకా ఉంటుంది, మంచి నదికి మంచి వారాలు ఏడాది ముందే అమ్ముడైపోతాయి. పెద్ద భాగాలలో నది తెలిసిన తోడుమనిషి ఉంటారు, గిల్లీ అని పిలుస్తారు. ఏ రాయి వెనుక చేప ఆగుతుందో చూపించేది వారే. కర్ర పదమూడు నుంచి పదిహేను అడుగులు, రెండు చేతులతో విసరాలి. నడుము దాకా నీటిలో నిలబడి ఒక్కొక్క అడుగు దిగువకు జరుగుతూ రోజంతా అదే పని.

ఇదే టే నదిలో 1922లో జార్జినా బాలంటైన్ అనే యువతి 64 పౌండ్ల సాల్మన్‌ను, అంటే సుమారు 29 కిలోల చేపను, ఒడ్డుకు చేర్చారు. వందేళ్లు దాటినా బ్రిటన్‌లో కర్రతో పట్టిన సాల్మన్‌లలో దానిని మించినది లేదు. ఆమె పేరు విన్నప్పుడల్లా నాకు మా ప్రొద్దుటూరు ఆడపిల్లలకు ఈ కథ చెప్పాలనిపిస్తుంది.

ఇప్పుడు ఆ రోజులు లేవు. 2023 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి బ్రిటన్ సాల్మన్‌ను అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో పెట్టింది. నార్వేలో 2024 వేసవిలో చేపలు తగినన్ని తిరిగి రాకపోవడంతో కాలం మధ్యలోనే 33 నదులలో సాల్మన్ వేటను ఆపేశారు. సెలవు పెట్టి, డబ్బు కట్టి వచ్చినవారు ఒడ్డు మీదే నిలబడిపోయారు. స్కాట్లండ్‌లో ఏప్రిల్ 1 లోపు పట్టిన ప్రతి సాల్మన్‌ను వదిలిపెట్టాలన్నది చట్టం. మా డీ నదిలో ఏ నెలలో పట్టినా వదిలేయడమే ఆచారం. పట్టి, వండుకొని తినాలన్న ఆలోచనతో ఇక్కడికి రాకూడదు.

ఇన్ని చెప్పినా, సాల్మన్‌ను చూడాలన్న మీ నాయనగారి కోరిక తీరే దారి ఒకటి ఉన్నది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఎగువన చిన్న జలపాతాల దగ్గర చేపలు గాలిలోకి ఎగిరి మెట్టు దాటడం ఒడ్డున నిలబడి చూడవచ్చు, దానికి పర్మిట్ గానీ కర్ర గానీ అక్కరలేదు. ఎప్పుడైనా ఇటువైపు వచ్చే వీలు కుదిరితే ఆయనను ఆ ఒడ్డుకు తీసుకువెళ్లే బాధ్యత నాది.

మళ్లీ ప్రశ్న అడిగినవారు (కర్నూలు)

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ జవాబులను రాత్రి భోజనాల తరువాత మా నాయనకు చదివి వినిపించాను. మేత మానేసిన చేప గాలం పట్టడం గురించి విని ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "కొరమీను పిల్లలను కాచుకునేటప్పుడు తినకపోయినా దగ్గరికొచ్చిన దేన్నైనా కరుస్తుంది, ఇదీ అట్లాంటిదే అయ్యుంటుంది" అన్నారు. అబర్దీన్ మిత్రులు ఈ మాటను అక్కడి పెద్దల ముందు పెట్టగలరు.

మే నెల ఆలోచన మానుకున్నాము. తీర్థన్‌కే, సెప్టెంబరు చివరి వారంలో వెళ్తాము. దసరా అప్పటికి రాకపోతే సెలవు పెడతాను. సాల్మన్ సంగతి తరువాత. ఇక మిగిలినవి రెండు సందేహాలు. నీటిలో దిగకుండా ఒడ్డు నుంచే ట్రౌట్‌ను పట్టడం సాధ్యమేనా? పట్టిన చేపను బతికుండగా వదలడం మా నాయనకు అలవాటు లేని పని, దానిని ఎట్లా చేయాలి?

మొదటి జవాబు రాసినవారు మళ్లీ (అనంతపురం)

మాస్టారూ, ఒడ్డు నుంచి తప్పకుండా సాధ్యమే, మీ నాయనగారి విషయంలో అదే సరైన పని కూడా. తీర్థన్ వెడల్పయిన నది కాదు. పెద్ద బండల వెనుక నీరు నిలకడగా తిరిగే చోట్లు ఒడ్డుకు దగ్గరగానే ఉంటాయి, ట్రౌట్ నిలబడేవి అక్కడే. వేగంగా పోయే పాయకూ నిలకడ నీటికీ మధ్య ఉండే గీత మీద గాలం పడేటట్టు విసిరితే చాలు. ఆయన నీడ నీటి మీద పడకుండా కూర్చోబెట్టండి, ఎండ పడని బండ పక్కన ఒక మడత కుర్చీ వేస్తే సరి. విసరడం భుజానికి కష్టమనిపిస్తే స్పిన్నర్ వాడవచ్చు.

వెళ్లిన రోజే గాలం వేయకుండా ముందు ఒక పని చేయమని నా విన్నపం. నీటి అంచున ఒక రాయిని తిరగేసి చూడండి. నేను తిరగేసిన మొదటి రాయి అడుగున ఇసుక రేణువులను అతికించి కట్టుకున్న అంగుళం పొడవు గొట్టాలు నాలుగైదు ఉన్నాయి, ఒకదాని మూతి నుంచి నల్లని తల బయటికి వచ్చి నన్ను చూసి మళ్లీ లోపలికి పోయింది. ట్రౌట్ తినేది ఆ పురుగునే. నా పెట్టెలో ఉన్న గాలాల్లో దానికి దగ్గరగా ఉన్నది తీసి కట్టాను, ఆ సాయంత్రమే మొదటి చేప పడింది. జానెడు కంటే కొంచెం పెద్దది. పక్కల మీద ఎర్రని చుక్కలు, ఒక్కొక్క చుక్క చుట్టూ తెల్లని వలయం, పొట్ట పసుపు రాసినట్టుగా ఉంది. నా చెయ్యి నీటి చలికి మొద్దుబారిపోయి ఉన్నా దాని ఒళ్లు వణకడం తెలిసింది.

వదిలే పద్ధతి ఇది. బయలుదేరే ముందే గాలం లోపలివైపు ఉండే చిన్న ముల్లును పటకారుతో నొక్కి చదును చేసేయండి, అప్పుడు గాలం గాయం పెద్దది చేయకుండా జారి వస్తుంది. చేపను ముట్టుకునే ముందు చెయ్యి తడపాలి. పొడి చేతికి దాని ఒంటి మీది జిగురు ఊడిపోయి తరువాత ఆ చోట పుండు పడుతుంది. ఇసుక మీద వేయకూడదు, మొప్పలలో వేలు పెట్టకూడదు. ఫొటో కావాలనుకుంటే నీటి పైకి ఎత్తేది మీరు ఊపిరి బిగబట్టగలిగినంత సేపే. తరువాత తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, పొట్ట కింద వేళ్లు ఆనించి ఉంచితే, మొప్పలు నిండుగా కదలడం మొదలయ్యాక అదే మీ చేతిలో నుంచి పోతుంది. తోయవద్దు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఔట్ దాటి లార్జి వైపు తిరిగేటప్పుడు మీ బావమరిదికి బియాస్ ఒడ్డున దిగి ఫొటో తీసుకోవాలనిపిస్తుంది. 2014 జూన్ 8న బియాస్ మీది లార్జి ఆనకట్టకు దిగువన, థలౌట్ దగ్గర, నదిలో రాళ్ల మీద నిలబడిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. అప్పటి దాకా మోకాలి లోతు ఉన్న నది కొన్ని నిమిషాలలో ఉప్పొంగింది. మీ నాయనగారు కాలువ లస్కరుగా పనిచేసినవారు, గేటు ఎత్తితే దిగువన ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేదు. బావమరిదికి మాత్రం ఆయన చేతనే చెప్పించండి. తీర్థన్ మీద అటువంటి ఆనకట్ట లేదు గానీ, పైన వాన పడితే ఆ నది కూడా చెప్పకుండానే వస్తుంది. తేట నీరు ఉన్నట్టుండి కలకబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకువస్తున్నా కర్ర అక్కడే వదిలి ఒడ్డు ఎక్కేయాలి.

విమానంలో వెళ్లేటట్టయితే గాలాలను చేతి సంచిలో పెట్టకుండా చెక్-ఇన్ సామానులో వేయండి. రాత్రులు చలి ఉంటుంది, ఆయనకు మోకాళ్ల పట్టీలతో పాటు ఉన్ని మేజోళ్లు రెండు జతలు పెట్టండి.

ప్రశ్న అడిగినవారు (కర్నూలు)

అన్నీ రాసి పెట్టుకున్నాను సార్. లార్జి సంగతి మా నాయనకు గుర్తుంది. ఆ వార్త వచ్చిన రోజు తాను కాలువ మీద డ్యూటీలో ఉన్నానని, సాయంత్రం గేటు ఎత్తే ముందు ఎప్పటికంటే ఎక్కువసేపు కేకలు వేశానని చెప్పారు.

నిన్న సాయంత్రం పాఠశాల మైదానంలో మొదటి సాధన జరిగింది. నూలు పోగు నా చొక్కాకు రెండుసార్లు, వేపచెట్టుకు ఒకసారి చిక్కుకుంది. మా నాయన కాసేపు చూసి కర్ర తీసుకున్నారు. నాలుగో విసురుకే దారం వెనుక నిండుగా పరుచుకొని ముందుకు వచ్చి, మేము గుర్తుగా పెట్టిన తువ్వాలుకు జానెడు దూరంలో పడింది. ఈరోజు ఐదు గంటలకే ఆయన చెప్పులు వేసుకొని గుమ్మంలో నిలబడి ఉన్నారు, కాబట్టి ఇంతటితో ముగిస్తున్నాను. తిరిగి వచ్చాక వివరాలు రాస్తాను.